కడుపు కోత లెక్కల్లో బిడ్డ ఊపిరి ఎక్కడ?

తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో 60కి పైగా ఆపరేషన్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క ఇది. రాష్ట్రం మొత్తంగా 60.7 శాతం, ప్రైవేటులో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. దేశ సగటు 21.5 మాత్రమే. ఈ అంకెలు వచ్చినప్పుడల్లా తల్లి గురించి, బిల్లు గురించి చర్చ జరుగుతుంది. బిడ్డకు ఏమవుతోందని అడిగేవాళ్లు తక్కువ.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవం ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక విడుదలయ్యే హార్మోన్ల వల్ల అది చాలావరకు ఇంకిపోతుంది. నొప్పులు రాకముందే, 39 వారాలు నిండకముందే కోస్తే ద్రవం మిగిలి బిడ్డ ఆయాసపడే ప్రమాదం పెరుగుతుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, నిజమే. కానీ ఆ రోజుల్లో బిడ్డ ఆక్సిజన్ కింద, తల్లి వేరే వార్డులో. మొదటి గంటలో పట్టాల్సిన ముర్రుపాలు వెనకబడతాయి, డబ్బా పాలు ముందుకొస్తాయి. ప్రైవేటులో ఐసీయూ బిల్లు రోజురోజుకూ పెరుగుతుంది. కూలి చేసుకునే మాల, మాదిగ ఇంటికి అది అప్పు, తాకట్టు.

ఇక ముహూర్తం ఒకటి. పంచాంగం చూసి కోతకు టైం పెట్టించుకునే అలవాటు ఇప్పుడు మన వాడల్లోకీ వచ్చింది. నక్షత్రం కుదిరినా ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండాలి కదా! జాతకం రాసినాయన ఐసీయూ బిల్లు కట్టడు.

ఆపరేషనే వద్దని మేం అనడం లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి ఉన్నా, గుండె చప్పుడు పడిపోతున్నా అదే ప్రాణం నిలుపుతుంది. మారుమూల గూడెం నుంచి వచ్చిన ఆదివాసీ తల్లికి అది సమయానికి దొరకకపోవడమూ అన్యాయమే. అక్కర లేనిచోట కత్తి, అక్కర ఉన్నచోట డాక్టరు లేడు.

ఒకప్పుడు ఊళ్లో కాన్పులు చేసిన మంత్రసానుల్లో చాలామంది మన కులాల ఆడవాళ్లే. బొడ్డు కోసిన ఆ చేతుల్ని మైల అన్నారు. 2017 నుంచి రాష్ట్రం నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తోంది, మంచిదే. అందులో ఎస్సీ, ఎస్టీ నర్సులు ఎందరు? రాత్రి డ్యూటీలో వాళ్లు ఎన్ని ఆసుపత్రుల్లో ఉంటున్నారు? కోత ఎందుకు చేశారు, ఎన్ని వారాలకు చేశారు, తర్వాత బిడ్డ ఐసీయూకి వెళ్లిందా: ప్రతి ఆసుపత్రీ ఈ మూడు వివరాలను కులాల వారీగా బయటపెట్టాలని మేం ప్రభుత్వాన్ని అడుగుతున్నాం.