గూడ్స్ బండంటే అంతేనా?

“గూడ్స్ బండి కదా, ఆ మాత్రం కుదుపులు ఉండవా?” టాటా మ్యాజిక్ వ్యాను దిగి నడుము పట్టుకున్న ప్రతి మనిషికీ మన ఊళ్ళలో దొరికే జవాబు ఇదే. డ్రైవరూ ఇదే అంటాడు, ఓనరూ ఇదే అంటాడు, షోరూంలో బండి అమ్మే కుర్రాడూ ఇదే అంటాడు. కాస్త బండ్ల సంగతి తెలిసినవాళ్ళు ఇంకో రెండు మాటలు కలుపుతారు: మెత్తటి బండి బరువు మోయలేదు, మన రోడ్ల మీద గట్టి బండే నిలుస్తుంది. వింటే సహజంగానే ఉంటుంది. కానీ తప్పు. ఇన్నేళ్ళుగా ఎవరూ ఎదురు అడగకపోవడం వల్లే ఇది నిజంలా చలామణీ అవుతోంది.

బస్సు రాని ఊరికీ, వచ్చినా పూటకొకసారే వచ్చే ఊరికీ మండల కేంద్రం నుంచి మనుషుల్ని చేర్చేది ఈ వ్యాన్లే. గుంటూరు వైపు మిర్చి కోతలకు వెళ్ళే ఆడకూలీలు, టౌన్లో కాలేజీకి వెళ్ళే పిల్లలు, ఆస్పత్రికి చూపించుకోవడానికి వెళ్ళే ముసలివాళ్ళు వీటిలోనే ప్రయాణం చేస్తారు. వాళ్ళకు ఇది సరుకుల బండి కాదు. రోజూ ఎక్కే బండి. అయినా కొత్త మోడల్ వస్తే మనం అడిగేది మైలేజీ ఎంత, లోడు ఎంత, నెలకు కిస్తీ ఎంత అని మాత్రమే. వెనక సీట్లో కూర్చుంటే ఎలా ఉంటుందని అడిగినవాళ్ళను నేను చూడలేదు.

అసలు కుదుపు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. టాటా ఏస్ 2005లో వచ్చింది. ముప్పావు టన్ను సరుకు మోయడానికి చేసిన చిన్న ట్రక్కు అది. ముందూ వెనకా స్ప్రింగులుగా కమాన్ పట్టీలే. రెండేళ్ళకు, 2007లో, దాని మీదే కట్టిన మనుషుల బండిగా మ్యాజిక్ వచ్చింది. సరుకు మోసే బండిలో సమస్య ఏమిటంటే, నిండుగా ఉన్నప్పటి బరువుకూ ఖాళీగా ఉన్నప్పటి బరువుకూ చాలా తేడా. నిండు లోడుతో వెనక స్ప్రింగుల మీద 900 కిలోలు పడుతుందనీ, ఖాళీ అయితే 300 కిలోలే మిగులుతుందనీ అనుకుందాం. స్ప్రింగు మారలేదు, దాని మీది బరువు మూడో వంతుకు దిగింది. అప్పుడు బండి ఊగే వేగం దాదాపు 1.7 రెట్లు అవుతుంది. మామూలు కారు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేలా స్ప్రింగులు వేస్తారు, ఎందుకంటే మన ఒళ్ళు దాన్ని సులువుగా ఓర్చుకుంటుంది. ఖాళీ గూడ్స్ బండి ఆ హద్దును బాగా దాటిపోతుంది.

దీనికి తోడు, పాతరకం కమాను కట్టలో పట్టీ మీద పట్టీ ఒరుసుకుంటుంది. చిన్న చిన్న గతుకులకు ఆ ఒరిపిడి పట్టీలను కదలనివ్వదు. స్ప్రింగు ఉండీ లేనట్టే, బండి టైర్ల మీదే ఊగుతుంది. కూర్చున్న మనిషి వెన్నూ కడుపూ అన్నిటికంటే ఎక్కువ అదిరేది సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కుదుపులకు. బిగుసుకుపోయిన కమాను మనల్ని నెట్టేది సరిగ్గా ఆ వైపుకే. ఏళ్ళ తరబడి ఈ అదురుడులో కూర్చునేవాళ్ళకు నడుము జబ్బులు ఎక్కువని వైద్యరంగానికి తెలుసు. దీన్ని కొలవడానికి ఐఎస్ఓ 2631 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఐరోపా సంఘం 2002లోనే, పనివాడి ఒంటికి రోజుకు ఎంత అదురుడు తగలవచ్చో హద్దు పెట్టి, దాటితే సరిచేసే బాధ్యత యజమాని మీద వేసింది. పొద్దుటి నుంచి రాత్రి దాకా స్టీరింగ్ వెనక ఉండే మన మ్యాజిక్ డ్రైవర్ నడుము మాత్రం అతని సొంత ఖర్మ కింద జమ.

చవక బండి కాబట్టి గట్టిగా ఉండక తప్పదంటారా? ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ 1948లో 2సీవీ అనే కారు చూపించింది. 375 సీసీ ఇంజిన్, రేకు డబ్బా లాంటి ఒళ్ళు, రైతులు కొనగలిగే ధర. దాన్ని తయారుచేసినవాళ్ళకు ముందే పెట్టిన షరతు: దున్నిన పొలం మీదుగా గుడ్ల బుట్టతో వెళ్ళినా గుడ్లు పగలకూడదు. ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ ఒకదానితో ఒకటి ముడిపెట్టే స్ప్రింగుల ఏర్పాటుతో వాళ్ళు అది సాధించారు. 1951లో దాని మీదే సరుకుల వ్యాను కూడా వచ్చింది. కొనేవాడు పేదవాడు, అతని దారి మట్టిదారి కాబట్టే మెత్తటి బండి కావాలని వాళ్ళు లెక్క వేశారు. మనం అవే రెండు కారణాలు చెప్పి గట్టి బండి ఇస్తున్నాం.

అంత దూరం పోనక్కర్లేదు. 1984లో వచ్చిన మారుతి వ్యాను, తరువాత ఓమ్నీగా పిలిచినది, వెనక కమాన్ పట్టీలతోనే 2019 దాకా నడిచింది. 2010లో అదే కంపెనీ తెచ్చిన ఈకోకు వెనక కాయిల్ స్ప్రింగులు వేశారు. ఈకో సరుకులు మోయడం మానేసిందా? పాల క్యాన్ల నుంచి కొరియర్ మూటల దాకా అన్నీ మోస్తూనే ఉంది.

రోడ్లు బాగుచేస్తే చాలు, బండిని అనడం దేనికి అనేవాళ్ళున్నారు. రోడ్లు బాగుపడాలి, అందులో వాదన లేదు. స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో నున్నగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది. మన ఊళ్ళలో జానెడు వెడల్పున గట్టు కట్టి వదిలేస్తున్నారు. దాన్నీ నిలదీయాలి. కానీ బాగున్న రోడ్డు మీద తిరిగే గరుడ బస్సుకు ఎయిర్ సస్పెన్షన్ ఎందుకు వేశారు? అందులో జనం పెరిగితే గాలి ఒత్తిడి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, కాబట్టి నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా నడక ఒకేలా ఉంటుంది. గతుకుల దారిలో వెళ్ళే పల్లెవెలుగుకూ, దాని వెనకే వెళ్ళే వ్యానుకూ కమాన్లే గతి. రోడ్డు ఎక్కడ అధ్వానమో అక్కడే స్ప్రింగు మరీ గట్టిది. దీన్ని రోడ్ల సమస్య అని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

కమాన్ పట్టీకి ఉన్న మంచి గుణాలను కాదనను. చవక, మొండిది, విరిగినా చిన్న టౌన్లోనే దొరుకుతుంది, ఏ మెకానిక్కయినా బిగిస్తాడు. నా పోరు పట్టీతో కాదు, మనిషి కింద సరుకు లెక్కకు వేసిన పట్టీతో. మధ్యలో మందంగా, కొసలకు పలచగా సాగే పారాబోలిక్ పట్టీలు రెండుమూడుంటే చాలు, ఒరిపిడి బాగా తగ్గుతుంది. బరువు పడినప్పుడే పనిలోకి దిగే రెండో వరస స్ప్రింగు వేస్తే, నలుగురున్నప్పుడు మెత్తగానూ నిండినప్పుడు గట్టిగానూ ఉంటుంది. ఇవేవీ కొత్త విద్యలు కావు. ఏడుగురి బండిలో పద్నాలుగు మందిని ఎక్కిస్తారు కదా, అందుకే గట్టి స్ప్రింగు కావాలంటే, అది నేరానికి తగ్గట్టు బండిని చేయమని అడగడమే.

ఓనర్ల వైపు తప్పు తక్కువేమీ కాదు. కొన్న నెలలోనే అదనంగా ఒక పట్టీ వేయిస్తారు. నిండు లోడుకు చెప్పిన గాలి టైర్లలో ఏడాది పొడుగునా అలాగే ఉంచుతారు. షాకప్పులు ఆయిలు కారి పూర్తిగా పోయేదాకా మార్చరు. సీటులో స్పాంజి అట్టలా అణిగిపోయినా రెక్సిన్ చిరగలేదు కాబట్టి బాగున్నట్టే లెక్క. రెండు ఇరుసుల మధ్య ఉన్న సీటు అన్నిటికంటే నెమ్మదిగా ఊగుతుంది, వెనక ఇరుసు మీది సీటు ఎగరేస్తుంది. నెలలు నిండిన ఆడమనిషికి ఆ మధ్య సీటు ఖాళీ చేయించడానికి రూపాయి ఖర్చు లేదు.

ప్రభుత్వాల సంగతి వేరే చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి. కాన్పయిన తల్లిని బిడ్డతో ఇంటికి దింపే వాహనాలు ఆ తరువాత వచ్చాయి. ఎన్ని ప్రాణాలు నిలిచాయో మనకు తెలుసు. ఆ గౌరవంతోనే అడుగుతున్నాను: కుట్లు పచ్చిగా ఉన్న బాలింత పడుకుని వెళ్ళే వ్యానుకు టెండరు పిలిచేటప్పుడు, మంచం దగ్గర అదురుడు ఇంతకు మించకూడదని ఒక అంకె రాయాలి. కొలిచే పద్ధతి ఉంది, పరికరమూ ఉంది. ఆ అంకె టెండరులోకి ఎక్కిన రోజున కంపెనీలు స్ప్రింగు సంగతి వాటంతట అవే చూసుకుంటాయి. కొనేవాడు ఒకేసారి వందల బండ్లు కొంటున్నప్పుడు అతని మాటకు ఎదురుండదు.

ఒక్క బండి కొనే ఓనర్‌కు ఆ బలం లేదు, నిజమే. అతని చేతిలో టెస్ట్ డ్రైవ్ ఉంది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, అతను స్టీరింగ్ పట్టుకుని షోరూం ముందున్న తారురోడ్డు మీద ఒక చుట్టు తిరిగి సంతకం పెట్టేస్తాడు. అలా కాకుండా డ్రైవింగు ఇంకొకరికిచ్చి, అమ్మనో భార్యనో పక్కన పెట్టుకుని వెనక చివరి సీట్లో కూర్చోవాలి. ఖాళీ బండితో ఒకసారి, నిండా మనుషులతో ఒకసారి, రేపు తను ట్రిప్పులు కొట్టబోయే దారిలోనే తిప్పించాలి. ఒప్పుకోని డీలరు దగ్గర అడ్వాన్సు కట్టకూడదు.