చిన్నకారుపై చిన్నచూపు

2008వ సంవత్సరము జూలై మాసమున డెట్రాయిట్ నగర శివారులలో మా మేనల్లుని ఇంట నేను కొన్నాళ్లుంటిని. ఒకనాటి సాయంకాలము పెట్రోలు బంకులో, పెట్రోలును అచ్చటివారు గ్యాసు అందురు, అతడు గొట్టము బండికి తగిలించి, అంకెలు పరుగులెత్తుచున్న మీటరువంక చూడలేక ముఖము త్రిప్పుకొని నిలుచుట, వడ్డీ లెక్క చదువుచున్న షావుకారు ఎదుట తలవంచుకొన్న రైతును నాకు స్ఫురింపజేసెను. గాలను, అనగా నాలుగు లీటర్లకు కొంచెము తక్కువ, 4 డాలర్లు దాటియుండెను. అయినను అతని దుఃఖము ధరను గూర్చి మాత్రమే కాదు. చిన్నది గదా, చమురు తక్కువ త్రాగునని ముచ్చటపడి కొన్న ఆ అమెరికను బండి, మూడేండ్లు నిండకమున్నే, గేరు మారినప్పుడెల్ల చలిజ్వరము వచ్చిన మనిషివలె గడగడలాడజొచ్చెను. ఇంజనును పరీక్షింపుమని హెచ్చరించు పసుపుపచ్చని దీపము దేవునిగదిలోని అఖండదీపమువలె నిరంతరము వెలుగుచుండెను. డీలరు నాలుగుసార్లు బండిని ఉంచుకొని, నాలుగుసార్లును ఇది దీని స్వభావమే యని తిరిగి పంపెనట.

పెట్రోలు ధర పెరుగుటకు కార్లు చేయువాడు కర్త కాడు. ఆ సంగతి కొనువానికిని తెలియును. కాని ధర మండిననాడు ఆశ్రయింపదగిన మంచి చిన్నబండిని, సకలసామగ్రియు చేతిలో నుండియు చేయకపోవుట, చేసినను మనసుపెట్టి చేయకపోవుట, అశక్తతవలన గాక అలక్ష్యమువలన కలిగిన లోపమని నా అభిప్రాయము. చిన్నకారు అనగానే మన పల్లెలలో నాలుగైదెకరముల రైతు గుర్తుకువచ్చును. అతనియెడ బ్యాంకులవారికి గల మర్యాద యెట్టిదో, చిన్నకారుయెడ డెట్రాయిట్ కార్ల కంపెనీలవారికి గల మర్యాదయు అట్టిదే.

1970వ సంవత్సరపు శరత్తులో ఫోర్డువారు పింటోను, జనరల్ మోటార్స్‌వారు షెవ్రొలె వేగాను అంగడికి తెచ్చిరి. ఫోక్స్‌వాగన్, టొయోటాలకు ఇవి జవాబులు. 2,000 పౌండ్ల బరువును, 2,000 డాలర్ల వెలయును మించరాదను కట్టడి నడుమ పుట్టిన పింటోను వెనుకనుండి మరియొక బండి ఢీకొన్నచో పెట్రోలు ట్యాంకు పగిలి మంటలు లేచుననుటచేత, 1978లో సుమారు 15 లక్షల బండ్లను వెనుకకు పిలిపింపవలసివచ్చెను. వేగాయన్ననో, దాని అల్యూమినియము ఇంజను వేడికి తాళలేదు. పేరునకు తగిన వేగము అది తుప్పుపట్టుటయందే చూపెను. 1973లో అరబ్బు దేశములు చమురు బిగబట్టినప్పుడును, 1979లో ఇరాను విప్లవముతో ధర మరల ఎగసినప్పుడును, ఇట్టి బండ్లతో చేతులు కాల్చుకొన్నవారు హోండా, టొయోటా షోరూములకు దారి పట్టుటలో వింత యేమున్నది?

తప్పు పనివానిదని యాజమాన్యము చాలకాలము అనుచువచ్చెను. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారము అట్టి అపకీర్తిని మూటగట్టుకొనియే 1982లో మూతపడెను. 1984లో జనరల్ మోటార్స్ దానిని టొయోటాతో కలిసి మరల తెరిచినప్పుడు, అధికభాగము ఆ పాత పనివారినే పిలిచిరి. కప్పు అదే, చేతులు అవే. మారినది ఒక్కటి: లోపము కంటబడిన క్షణమున త్రాడు లాగి వరుసనంతటిని ఆపు అధికారము సామాన్య కార్మికుని చేతికి వచ్చెను. కొలదికాలములోనే అచ్చటి బండ్లు జపానులో చేసినవానితో సరితూగజొచ్చెను. పాఠము ఇంటిలోనే యుండియు, అది ప్రక్కగదికి పోవుటకు ఏండ్లు పూండ్లు పట్టెను.

ఈ చిన్నచూపునకు చట్టమును తోడయ్యెను. ఐరోపావారు అమెరికా కోళ్లపై పన్ను వేసిరను కోపముతో 1964లో దిగుమతి ట్రక్కులపై విధించిన 25 శాతము సుంకము, కోళ్ల తగవు మరుపున పడినను, తాను మాత్రము పోలేదు. 1975 నాటి చట్టము ననుసరించి వచ్చిన మైలేజి నియమములు ట్రక్కులను కార్లకంటె మెత్తగా చూచెను. పోటీ లేనిచోట లాభముండును, లాభమున్నచోట బుద్ధి స్థిరపడును.

2008 మే మాసమున ఫోర్డు ఎఫ్ వరుస ట్రక్కు, 1992 తరువాత మొదటిసారిగా, నెలవారీ అమ్మకములలో అగ్రపీఠమును హోండా సివిక్‌కు విడిచి దిగెను. అదే మాసమున క్రైస్లరువారికి తట్టిన ఉపాయము చరిత్రలో నిలువదగినది: తమ క్రొత్తబండి కొన్నవారికి మూడేండ్లపాటు గాలను 2.99 డాలర్లకు మించకుండ చూచెదమని వారు చాటించిరి. కుండ చిల్లిని పూడ్చుట మాని, నీళ్లు చౌకగా పోయించెదమన్న కుమ్మరిని నేను మరియొకచోట వినలేదు. ఏడాది తిరుగుసరికి, 2009 ఏప్రిల్ 30న క్రైస్లరును, జూన్ 1న జనరల్ మోటార్సును దివాలా కోర్టు మెట్లెక్కెను. జపానువారును ఋషులేమియు కారు; శాన్ ఆంటోనియోలో పెద్దట్రక్కుల ఫ్యాక్టరీ కట్టి, 2008లోనే దానిని మూడునెలలు ఆపుకొన్నది టొయోటాయే. అయితే పెద్దదానిమీది మోజుతో వారు చిన్నదానిని పాడుచేసికొనలేదు.

కొనువాడు చిన్నబండి కోరకున్న మేమేమి చేయుదుమని డెట్రాయిట్‌వారి సమాధానము. చెడ్డబండ్లిచ్చి కోరికను చంపి, పిదప కోరికయే లేదనుట యెంతవరకు న్యాయము? 2018లో ఫోర్డు ఉత్తరామెరికాలో తన సెడాన్లకు స్వస్తి చెప్పెదనని ప్రకటించెను. 2022 జూన్‌లో గాలను 5 డాలర్లు దాటునాటికి ఆ షోరూములలో చవకకారు కొరకు వెదకినవానికి మిగిలినది శూన్యము. ఇందు విచిత్రమేమనగా, అదే ఫోర్డు 20,000 డాలర్లకు ఇంచుక తక్కువ వెలతో, హైబ్రిడ్ ఇంజనుతో మావరిక్ అను చిన్నట్రక్కును చేయగా, ఆ 2022లోనే, జనవరి దాటకమున్నే, ఆ యేటికి హైబ్రిడ్ ఆర్డర్లు చాలునని పుస్తకము మూసివేయవలసివచ్చెను. కోరనివారు అంతమంది యెచ్చటినుండి వచ్చిరో!

అమెరికాలో క్రొత్తగా దిగిన తెలుగు విద్యార్థికి, ముందు వచ్చిన అన్నలు చెప్పు తొలి హితవులలో ఒకటి, వాడిన టొయోటా క్యామ్రీయో కరోలాయో చూచుకొమ్మని. మా మేనల్లుడు ఆ మాటను ఆలస్యముగా వినెను. అఖండదీపపు బండిని దొరకిన ధరకు వదిలించుకొని, ఒహాయోలోని మేరీస్‌విల్‌లో తయారైన హోండాను కొనెను. అతని ఉద్యోగము డెట్రాయిట్‌లోనే, ఒక కార్ల కంపెనీవారి కంప్యూటర్లమీద. అందుచే మంచు కురియు దినములలో సైతము ఆ బండిని ఆఫీసు ఆవరణపు చిట్టచివరి మూలన నిలిపి, మెడకు మఫ్లరు చుట్టుకొని, లోపలికి నడిచి పోవుచుండెనట.