చదరంగపు గింజలు: వల్లిస్తే చాలదు

చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టింపు చేస్తూ 64 గడులూ నింపితే మొత్తం గింజలెన్ని? ఈ కథ మీరు వినే ఉంటారు. జవాబు 18446744073709551615.

ఈ సంఖ్య తెలుగువారికి కొత్తది కాదు. మహావీరాచార్యుల సంస్కృత 'గణితసార సంగ్రహా'న్ని 11వ శతాబ్దిలో తెనిగించిన పావులూరి మల్లన పేరున దీన్ని చెప్పే పద్యం ఒకటి ప్రసిద్ధంగా ఉంది. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి: చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఆకాశమంటే 0. పద్యం చదువుతూ అంకెలను కుడినుంచి ఎడమకు వేసుకోవాలి.

హైదరాబాదులో మా శాలిబండ గడియార స్తంభం సెకనుకొక గింజ చొప్పున లెక్కపెడుతుందనుకోండి. పని ముగియడానికి సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు కావాలి. విశ్వం వయసే సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు!

ఆశ్చర్యపడండి, తప్పులేదు. కాని అక్కడితో ఆగిపోకూడదని నా అభిప్రాయం. ఈ 20 అంకెల్లో ఒకటి అచ్చుతప్పు పడితే ఎలా పసిగడతారు? మామూలు కాలిక్యులేటర్‌లో ఇన్ని అంకెలు పట్టవు. చివరివి వదిలేసి చూపిస్తుంది. అయితే ఉపాయం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది.

ముందుగా, ఆ గింజలకు మరొక్క గింజ కలపండి. 1+1=2, 2+2=4, 4+4=8. ఇలా సాగి చివరకు 2⁶⁴ వస్తుంది. కనుక మన సంఖ్య 2⁶⁴−1.

ఇప్పుడు 9తో పరీక్ష. 2⁶ అంటే 64. 9తో భాగిస్తే శేషం 1. అందువల్ల 2⁶⁰కి కూడా శేషం 1. మిగిలిన 2⁴, అంటే 16కు శేషం 7. ఒకటి తీసివేస్తే 6 రావాలి. సంఖ్యలోని అంకెలన్నీ కూడండి: 87. దాన్ని 9తో భాగిస్తే శేషం 6. సరిపోయింది.

కాని 0 బదులు 9 పడినా, రెండంకెలు తారుమారైనా ఈ పరీక్షకు చిక్కవు. అందుకని 11తో చూద్దాం. 2¹⁰ అంటే 1024కు శేషం 1. కనుక 2⁶⁰కీ అంతే. 16కు శేషం 5. ఒకటి తీసివేస్తే 4 రావాలి. కుడినుంచి బేసి స్థానాల అంకెల మొత్తం 62, సరి స్థానాలవి 25. తేడా 37, శేషం 4. ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న వేరు వేరు అంకెలు రెండు తారుమారైనా ఈ పరీక్ష పట్టేస్తుంది.

పద్యాన్ని కంఠస్థం చేసిన విద్యార్థిని మెచ్చుకుంటాం. దాన్ని పరీక్షించి చూసిన విద్యార్థిని ఇంకా ఎక్కువ మెచ్చుకోవాలి. పెద్దలు చెప్పినదైనా, పుస్తకంలో అచ్చయినదైనా, యంత్రం చూపినదైనా నిజమో కాదో తేల్చుకునే శక్తి గణితం మీకిస్తుంది. ఆ శక్తిని మార్కుల కోసం మాత్రమే వాడి వదిలెయ్యకండి.

మీకొక పని: ఈ సంఖ్యను 17 నిశ్శేషంగా భాగిస్తుంది. భాగహారం చెయ్యకుండా చూపగలరా? 16 అనేది 17కు ఒకటే తక్కువ. అక్కడ మొదలుపెట్టండి.