గాలం చాలు, తూటా వద్దు

రాత్రివేళ సముద్రపుటొడ్డున నిలబడి, అలల్లోకి గాలం విసిరి సొరచేపలను, టేకుచేపలను పట్టే వేట లోకంలో పలుచోట్ల ఉన్నది. ఇవి నిదానంగా పెరుగుతాయి. పెట్టే పిల్లలూ కొద్దే. ఒకసారి తరిగితే మళ్లీ పెరగడం కష్టం. అందుకే అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఒడ్డు నుండి సొరను వేటాడేవారు 2019 జూలై నుండి ముందుగా పాఠం నేర్చి అనుమతి పొందవలసి ఉన్నది. నిషేధించిన జాతి గాలానికి పడితే నీటిలోనే ఉంచి వదిలిపెట్టాలి. మన దేశంలోనూ తిమింగల సొరను, రంపంమూతి చేపలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రిందకు తెచ్చారు.

మనకు సముద్రమెక్కడిదని ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దు గ్రామాలవారు అడగవచ్చు. సముద్రం లేకున్నా గోదావరి, శబరి, కిన్నెరసాని ఉన్నాయి. సొర లేకున్నా వాలుగ ఉన్నది. పొలుసు లేని ఒళ్లు, వెడల్పు నోరు, పొడుగు మీసాలు గల ఈ చేపను మంచినీటి సొర అంటారు. పగలు మడుగు అడుగున దాగి, చీకటి పడ్డాక చిన్న చేపల వేటకు వస్తుంది. ఇసుక తిన్నెపై కూర్చుని గాలం వేసేవానికి ఓపిక ఉంటే ఇంటిల్లిపాదికీ కూర దొరుకుతుంది. ఈ వేటలో తప్పేమీ లేదు.

తప్పల్లా అదే చీకటి చాటున మడుగులో తూటా పేల్చడం, పురుగుమందు కలపడం. తూటా దెబ్బకు చేప కడుపులోని గాలితిత్తి పగులుతుంది. తేలినవి కొన్నే, అడుగున మునిగి కుళ్లేవి ఎన్నో. పిల్ల చేపలూ మిగలవు. చేతిలోనే పేలితే చెయ్యి పోతుంది. మందు కలిసిన నీటిని పశువులు త్రాగుతాయి. దిగువన చెలమలు తీసుకునే తల్లులు బిందెలతో ఇంటికి మోస్తారు. తూటానూ విషాన్నీ 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరమన్నది. చట్టానికి నూరేళ్లు దాటినా ఈ పాడుపని పోకపోవడం శోచనీయం.

వాలుగ ఇప్పటికే ముప్పున్న జాతుల అంతర్జాతీయ జాబితాలో చేరింది. అది వానాకాలపు వరద నీటిలో గుడ్లు పెడుతుంది. ఆ నెలల్లో కడుపు నిండా గుడ్లున్న చేప గాలానికి పడితే వదిలివేయడం వేటగానికే లాభం. పైగా అది నదిని నమ్మదగిన కాలం కాదు. భద్రాచలం వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగింది. నీటిమట్టం 43 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా, నీరు ఎర్రబడగానే తిన్నెలు విడవాలి.

భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉన్నది. శబరి కలిసే కూనవరం 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. ఈ గీత చేపకు తెలియదు. కనుక ఇరు రాష్ట్రాల మత్స్యశాఖ, పోలీసు అధికారులు కలిసి తూటాల రాకపోకలపై నిఘా పెట్టాలి. మత్స్య సహకార సంఘాలు, గ్రామ పంచాయతీలు తమ మడుగులకు తామే కాపలా కాయాలి. ఎండాకాలంలో నీరు నిలిచే మడుగే వచ్చే ఏటి చేపకు విత్తనపు గాదె. గాదెకు నిప్పు పెట్టుకునే రైతు ఉండడు. మడుగులో తూటా వేసేవాడు చేసేది ఆ పనే.