తీతువు కాపురం

పక్షుల్ని చూడాలంటే చలికాలమేనని విశాఖలో ఒక నమ్మకం. డిసెంబరు, జనవరుల్లో బైనాక్యులర్లన్నీ కొండకర్ల ఆవకు బయల్దేరతాయి. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన కూడా ఏటా జనవరిలోనే. వలస బాతులు ఉత్తరం దారి పట్టాయంటే చెరువుతో మన పనీ అయిపోయినట్టే. నాకు మటుకు మే నెలే ఇష్టం. పండక్కొచ్చిన చుట్టాలు వెళ్లాకే కదా ఇంటివాళ్లెవరో తెలిసేది!

అయిదున్నరకల్లా మేఘాద్రిగెడ్డ ఒడ్డున ఉండాలి. ఎనిమిది దాటితే ఉక్కకు మనమే నిలవలేం. నీళ్లు వెనక్కి తగ్గి, నెర్రెలిచ్చిన ఒండ్రు బయటపడి ఉంటుంది. తీతువు కాపురం అలాంటి నేల మీదే. గూడంటూ కట్టదు. చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, వాటిలో కలిసిపోయే నాలుగు మచ్చల గుడ్లు. దగ్గరికెళ్తే నెత్తిమీద తిరుగుతూ ఊరు లేపుతుంది. (ఆ అరుపు అపశకునమని తేల్చినవాడు ఎవరో గుడ్ల పక్కనే నిలబడి ఉంటాడు.) ఎండ ముదిరాక అసలు పని మొదలవుతుంది. నీటి అంచుకు వచ్చి, పొట్ట ఈకలు నానేదాకా కూర్చుని, గబగబా వెనక్కి నడిచి ఆ తడితోనే గుడ్ల మీద వాలుతుంది. లేకపోతే ఆ ఎండకు గుడ్లు ఉడికిపోతాయి.

కొండకర్లలో తాటిదోనె ఎక్కితే పొడుగు తోక జకానాలు తామరాకుల మీద నడుస్తూ కనిపిస్తాయి. వాటిలో పొదిగేది మగదే. ఆడది గుడ్లు పెట్టేసి మరో మగణ్ణి వెతుక్కుంటుంది.

ముడసర్లోవ జలాశయంలో 2018లో నీటి మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలించారు. దానితో నాకు పేచీ లేదు. నడినీళ్లతో తీతువుకేం పని? నా భయమంతా ‘సుందరీకరణ’తోనే. చెరువు బాగుచెయ్యడమంటే మనకు గుర్తొచ్చేవి రాతికట్టడం, నడకబాట, సెల్ఫీ పాయింటు. ఒడ్డుకూ నీటికీ మధ్య నిలువు గోడ లేస్తే పొట్ట తడుపుకోడానికి చోటేదీ?

నీళ్లు తగ్గిన ఈ నెలలే కాంట్రాక్టరుకూ అనువు. చిక్కంతా అక్కడే. జేసీబీ దిగేముందు పక్షులు తెలిసిన మనిషిని ఒకణ్ణి అంచు వెంట నడిపించి, గుడ్లున్న చోట నాలుగు కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టించాలని టెండరులో ఒక్క షరతు రాయొచ్చు. గుడ్లు పెట్టిన నెల రోజులకు పొదుగు తీరుతుంది. పిల్లలు పుట్టిన కొద్దిసేపటికే లేచి పరిగెత్తుతాయి. పని ఆగేది ఆ నాలుగు గజాల్లో, ఆ నెల్లాళ్లే.