మలంలో రక్తం పడితే మొలలేనా?

మలంలో రక్తం కనిపించగానే ‘వేడి చేసింది, మొలలై ఉంటాయి’ అనుకుంటాం. మజ్జిగ తాగి, మందుల షాపులో మాత్రలు కొని ఊరుకుంటాం. సిగ్గుతో ఇంట్లోనూ చెప్పుకోం. మొలలే అయితే సరే. కాకపోతే?

హైదరాబాద్ ఏఐజీ వైద్యులు పేగు సమస్యలున్న 30 వేల మందికి పైగా కొలనోస్కోపీ చేసి, 2023లో ఫలితాలు ప్రచురించారు. దీర్ఘకాలిక పేగుపూత (ఐబీడీ) పట్టణాల్లోనూ, పల్లెల్లోనూ దాదాపు 5 శాతం మందిలో కనిపించింది. ఇది జనాభా మొత్తానికి సంబంధించిన లెక్క కాదు, లక్షణాలతో పరీక్షకు వచ్చినవారిది. అయినా ‘ఇది పట్నం జబ్బు’ అన్న నమ్మకానికి ఇక కాలం చెల్లినట్టే.

మహబూబాబాద్ జిల్లా గంగారం లాంటి ఏజెన్సీ మండలంలో ఉన్నవారికి కొలనోస్కోపీ అంటే దూర ప్రయాణం, పోయిన కూలి, వెంట ఒక మనిషి. అందుకే ఎవరికి పరీక్ష తప్పనిసరో తెలిసి ఉండాలి.

ఏది ఏమిటి?

కడుపునొప్పి, ఉబ్బరం, ఓసారి మలబద్ధకం, ఓసారి విరేచనాలు ఉండి, రక్తం పడకుండా, బరువు తగ్గకుండా ఉంటే చాలావరకు ఐబీఎస్ కావచ్చు. ఇందులో పేగులో పుండ్లుండవు. పడని ఆహారం, మానసిక ఒత్తిడి దీన్ని పెంచుతాయి. ఇబ్బంది పెడుతుందే తప్ప ప్రమాదకరం కాదు.

ఐబీడీ అలా కాదు. అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు లోపలి పొర పుండవుతుంది. క్రోన్స్ వ్యాధి పేగులో ఎక్కడైనా రావచ్చు. రక్తం, జిగురుతో విరేచనాలు వారాల తరబడి సాగుతాయి. అమీబియాసిస్, పేగు క్షయ కూడా ఇలాగే కనిపిస్తాయి. క్షయను క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు వాడితే క్షయ ముదురుతుంది. అందుకే ముక్క పరీక్ష కీలకం.

ఆలస్యం వద్దు

మలంలో రక్తం, నిద్రలోంచి లేపే విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని జ్వరం, రక్తహీనత, 45 ఏళ్లు దాటాక మలవిసర్జన తీరు మారడం, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం... వీటిలో ఒక్కటున్నా డాక్టర్‌ను కలవండి. ముందుగా మల, రక్త పరీక్షలు చేస్తారు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ ఎక్కువగా ఉంటే పేగులో వాపు ఉన్నట్టు. అవసరమైతే కొలనోస్కోపీ చేస్తారు. ముందురోజు తేలికపాటి ఆహారం తిని, పేగు శుభ్రమయ్యే మందు తాగితే చాలు. భయపడాల్సిన పరీక్ష కాదు.

చికిత్స

ఐబీఎస్‌కు ఆహార మార్పులు, లక్షణాన్ని బట్టి మందులు. ఐబీడీకి మెసాలమిన్, కొద్దికాలం స్టెరాయిడ్లు, అవసరమైతే రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందులు ఇస్తారు. తగ్గిందని సొంతంగా మందు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. క్షయ అని తేలితే ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం.

ఈ ఆదివారం ఊళ్లోని అమ్మానాన్నలకు ఫోన్ చేసినప్పుడు బీపీ, షుగర్‌తో పాటు ఈ ఒక్క మాటా అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.