సభ ముగిసిన మఱునాడు

పైథాన్ భాషలో ప్రోగ్రాములు వ్రాయువారి అఖిలభారతసభ 2009లో బెంగుళూరున ఆరంభమై, 2018లోను మరల 2023లోను హైదరాబాదునకు విచ్చేసినది. ఇట్టి సభలు మన రాజధానిలో జరుగుట సంతోషింపదగిన విషయమే. అయినను మేమొక ప్రశ్న వేయక తప్పదు. సభ ముగిసిన మఱునాడు జగిత్యాలలో నేమి మిగిలినది? కోరుట్లలో నేమి మిగిలినది? సిరిసిల్లలో నేమి మిగిలినది?

ఈ పట్టణములను మేము ఊరక పేర్కొనలేదు. జగిత్యాల సమీపమున నాచుపల్లిలో 2007లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాల వెలసినది. సిరిసిల్ల చెంత అగ్రహారములో 2021లో అట్టిదే మఱియొకటి నెలకొన్నది. కోరుట్లలో పశువైద్య కళాశాల గలదు. విద్యార్థులున్నారు, కంప్యూటరులున్నవి. కొఱతపడుచున్నది గోష్ఠి. తాను వ్రాసిన ప్రోగ్రామును తోటివానికి చూపి, తప్పు దిద్దించుకొని, మరల వ్రాయుటకు నలుగురు కూడు చోటు కావలయును. విద్యలో నాలుగవపాలు సహాధ్యాయులవలన వచ్చునని మన పెద్దలు చెప్పుదురు. సాఫ్టువేరు విషయమున ఆ పాలు సగమునకు మించునని మేము తలంచుచున్నాము. ఆ సగముకొఱకు నాలుగైదు గంటలు బస్సులో కూర్చుండి హైదరాబాదునకు పోవలసినచో, పోగలిగినవాడు పోవును. పోయినవాడు మరలి రాడు.

సభ యనునది ఈ సీమకు క్రొత్తది కాదు. 1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధినిలో జరిగిన నిజాంరాష్ట్ర సంఘసంస్కరణసభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ నారంభింపగా కొందఱు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. దాని సంతతియైన ఆంధ్రమహాసభ 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జోగిపేటలో మొదటిసారి సమావేశమైనది. పిమ్మట 1931లో దేవరకొండకు, 1934లో ఖమ్మమునకు పోయినది. 1935లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను సిరిసిల్లకే వచ్చినది. ఆ పెద్దలు రాజధానిలో కూర్చుండి జనులను రమ్మనలేదు. జనులున్న చోటికి తామే పోయిరి. సభకును సభకును నడుమ గ్రంథాలయములు, పఠనమందిరములు పనిచేసినవి. కావుననే పందిరి విప్పిన తరువాతను సభ నిలిచినది.

నేటి ప్రోగ్రామరుల సభలలో తెలుగును గేలిచేయువారు లేకపోవచ్చును. కాని ఉపన్యాసము ఇంగ్లీషున సాగును. ప్రశ్నయు నింగ్లీషుననే యడుగవలయును. తెలుగు బడిలో చదివి వచ్చిన కోరుట్ల బాలిక ప్రశ్న ఆమె నోటనే నిలిచిపోవును. గేలిచేసి నోరు మూయించుటకును, నోరు తెఱచుటకు వీలులేకుండ జేయుటకును ఫలమునందు భేదమేమి? కంప్యూటరునకు వ్రాయు ఆజ్ఞలలోని మాటలు ఇంగ్లీషువైనను, ఆ యాజ్ఞల వెనుకనున్న యుక్తిని తెలుగున వివరించుటకు అడ్డమేమియు లేదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను స్వచ్ఛంద కార్యకర్తలే పెంచిరి. తెలుగున ఆపరేటింగు సిస్టమును వెలయించిన స్వేచ్ఛ సంస్థయు అట్టివారి కృషియే. కాబట్టి మేము కోరునది గాలిమేడ కాదు.

పెద్ద నగరముననే వసతులు గలవనియు, విరాళమిచ్చు కంపెనీలు గలవనియు కొందఱందురు. నిజమే. అయినను వేయిమంది కూడినదే సభయను భ్రమ వదలవలయును. లోకమంతట వ్యాపించిన డెబియన్ సంఘమువారి సభ 2000లో ఫ్రాన్సునందలి బోర్డోలో మొదలై, ఊరూర తిరుగుచు, 2023లో కొచ్చికి వచ్చినది. వారు సభకు ముందు కొన్ని దినములు కేవలము పనికే కేటాయింతురు. ప్రక్కప్రక్కన గూర్చుండి ఒకరి తప్పునొకరు సరిదిద్దుకొందురు. మనము అనుకరింపవలసినది వారి పందిరి వైభవమును గాదు, ఆ కూర్చుండుటను.

హైదరాబాదు నిర్వాహకులు తమ మహాసభను మానుకొనవలెనని మేమనము. దానికయ్యెడు వ్యయములో కొంత తీసి, ఏటనొకసారి జిల్లాలో రెండుదినముల చిన్నసభ జరుపవలయును. ఒకదినము తెలుగున ఉపన్యాసములు, ఒకదినము పని. మొదటిసారి మాటాడువానికి అనుభవజ్ఞుడొకడు ముందుగా తోడుండి ఉపన్యాసమును సిద్ధము చేయింపవలయును. బాలికలు ప్రొద్దుగూకకముందే ఇల్లు చేరునట్లు వేళలు నిర్ణయింపవలయును. తరువాత నెలనెలయు స్థానిక గ్రంథాలయమునందో కళాశాలయందో గోష్ఠి నడువవలయును. ఈ చివరిది లేనిచో మొదటివన్నియు తిరునాళ్ళతో సమానము.

పనికి వెదుకులాడ నక్కఱలేదు. సిరిసిల్లలో మరమగ్గములపై నేసిన బట్టకు మీటర్ల లెక్క యున్నది. కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీలకు వేయి బీడీల చొప్పున కూలి లెక్క యున్నది. జగిత్యాల మామిడి రైతునకు బేరపు లెక్క యున్నది. తన లెక్కను తన భాషలో, తన ఫోనులో తానే చూచుకొనగలిగిన కార్మికుని ఇతరులు మోసగించుట కష్టము. ఆ ప్రోగ్రామును వ్రాయుటకు పరదేశపు కంపెనీ రాదు. ఆ యింటి బిడ్డయే వ్రాయవలయును. వ్రాయుటకు అతడు ఊరనుండవలయును, ఊరనుండుటకు తోడివారుండవలయును.

నాచుపల్లి, అగ్రహారము విద్యార్థులకు మా మనవి యొక్కటే. రాజధాని పిలుపునకై వేచియుండకుడు. వచ్చు నెలలో ఒక ఆదివారము పదిమంది కూడుడు. ఆ మఱుసటి నెల అదే ఆదివారము మరల కూడుడు. రెండవసారియు పదిమంది వచ్చినచో, మీ యూర సంఘము పుట్టినదని మేము నమ్ముదుము.